గోగులంక చెలమ నీళ్ళు

కిందటి వేసవిలో మా పెద్దమ్మ నీళ్ళు తాగడం మానేసింది. ఇలా రాస్తే ఏదో దీక్షలా వినపడుతుంది గానీ అంత ఘనమైనదేం కాదు. మజ్జిగ తాగేది, కాఫీ తాగేది, పక్క ఫ్లాటువాళ్ళు పిలిచి నిమ్మరసం ఇస్తే మొహమాటపడకుండా రెండో గ్లాసూ తాగేది. నీళ్ళ గ్లాసు ముందు పెడితే మాత్రం, పెళ్ళిచూపుల్లో నచ్చని పెళ్ళికొడుకుని చూసినట్టు మర్యాదగా తల తిప్పుకునేది. పెద్దమ్మంటే మా అమ్మకి సొంత అక్క. పిల్లల్లేరు. పెదనాన్న పోయి, కృష్ణ మధ్యలో వాళ్ళున్న గోగులంక వరదలకి చాలావరకూ కోసుకుపోయాక, ఒడ్డునున్న ఊళ్ళో లంకవాళ్ళ మధ్యే ఒక గది తీసుకుని కొన్నేళ్ళు ఒక్కతే ఉంది. మోకాళ్ళు మొరాయించాక మేమే బతిమాలి నల్లపాడు దగ్గరున్న మా అపార్టుమెంటుకి తెచ్చుకున్నాం. మనిషైతే వచ్చింది గానీ దాహం లంకలోనే ఉండిపోయింది. ఈ వాక్యం నాకే కాస్త ఎక్కువైనట్టుంది. ఉండనివ్వండి, ఆవిడ ఎలాగూ చదవదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం వంటింట్లో కళ్ళు తిరిగి కూలబడింది. డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, "జబ్బేం లేదండీ, ఈవిడ నీళ్ళు తాగటం లేదు. ఇట్లాగే ఉంటే కిడ్నీలు పాడవుతాయి" అన్నారు. మేం నీళ్ళ మీద పడ్డాం. టిన్ను నీళ్ళు వద్దంటే కాచి చల్లార్చినవి ఇచ్చాం. అవి వద్దంటే కుండలో పోసి వట్టివేళ్ళు వేశాం. గుంటూరు కుళాయిలో వచ్చేదీ కృష్ణ నీళ్ళేనని నేను వాదించాను. "అవి గొట్టంలో పుట్టినయ్యిరా" అని ఒక్కమాటలో కొట్టిపారేసింది. చివరికి మా అమ్మ, జీవితంలో పెద్దగా అబద్ధాలాడని మనిషి, టిన్ను నీళ్ళే స్టీలు బిందెలో పోసి, తాడేపల్లి వెళ్ళి స్వయంగా రేవులో ముంచుకొచ్చానని చెప్పింది. పెద్దమ్మ బిందె మీదికి వంగి వాసన చూసింది. "ఏ కృష్ణలో ముంచావే? ఆసుపత్రి వాసనొస్తంది" అంది. అమ్మ ఆ రోజంతా దొంగతనంలో దొరికినట్టు తిరిగింది.

"మరి ఏ నీళ్ళు తాగుతావక్కా నువ్వు?" అని అమ్మ విసిగిపోయి అడిగితే, "మా లంక చెలమ నీళ్ళు తెచ్చియ్యి, తాగుతా" అంది పెద్దమ్మ. అప్పటికి లంకకి పడవ ఆగిపోయి చాలాకాలమైంది. మనుషులు లేనిచోటికి పడవెందుకు? నాకు ఫోనులో ఒక ప్రకటన కనపడకపోయి ఉంటే ఆ మాట అక్కడే ఆగేది. తాడేపల్లి వైపునుంచి పెద్ద లాంచీ మీద కృష్ణలో పైకి షికారు, భోజనం, పాటలు, 'గ్రీన్ ప్యారడైజ్ ఐలాండ్' మీద కాసేపు విడిది. కింద బొమ్మ. పెద్దమ్మ ఫోను లాక్కుని, దూరంగా పట్టుకుని, బొమ్మలో ఆవలి ఒడ్డునున్న కొండని వేలితో తడిమింది. "ఇదేదో ప్యారడైజంటావేంది? ఇది మన లంకరా" అంది. ఆ కొండని నేనూ గుర్తుపట్టాను. నా చిన్నతనంలో కొంతభాగం దానికి ఎదురుగానే గడిచింది.

మా స్నేహితుడొకడు, "తల వెంట్రుకలన్నీ నల్లగానే ఉన్నాయి, అప్పుడే జ్ఞాపకాలేందిరా నీకు?" అంటాడు. వాడికి తెలియందేమిటంటే, నన్ను చాలా చిన్నప్పుడే దేశబహిష్కారం చేశారు. మాది మిరప ఇల్లు. కాయ కల్లానికి చేరిందంటే ఇంటిల్లిపాదీ తుమ్ములతోనే పలకరించుకునేవాళ్ళం. తలుపు గొళ్ళేనికి ఘాటు, దుప్పటికి ఘాటు, దేవుడి గూట్లో వత్తికి కూడా ఘాటు. మా నాయనమ్మ తడిపిన చెంగు ముక్కుకి అడ్డం కట్టుకుని, తొడిమలు తీసే ఆడవాళ్ళ మధ్య పీట వేసుకుని కూర్చుని, ఎవరు ఎక్కువ తుమ్మితే వాళ్ళు పని ఎగ్గొడుతున్నట్టని తీర్పులు చెప్పేది. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు మిరప ఘాటు పడలేదు. మామూలు దగ్గు కాదు, ఊపిరి అందక గోడ పట్టుకుని నిలబడే ఆయాసం. ఊళ్ళో వైద్యుడు నా వీపు మీద గొట్టం పెట్టి విని, "కాయ ఎత్తేదాకా పిల్లాణ్ణి ఎక్కడికైనా పంపించండి" అన్నాడు. మా నాన్న మొహం మాడిపోయింది. "బయట చెప్పమాకండి. మిరప రైతు కొడుక్కి మిరపకాయ పడదంటే యార్డులో నలుగురూ నవ్వుతారు" అన్నాడు. అలా ఏటా కోతలు మొదలయ్యేసరికి నా బట్టలు సంచిలో సర్ది, లంకలో పెద్దమ్మ దగ్గర దింపేవారు. బంధువులకి మాత్రం పిల్లాడు గాలి మార్పుకి వెళ్ళాడని చెప్పేవారు. మా వంశంలో గాలి మార్పుకి వెళ్ళిన మొదటి మనిషిని నేనే.

లంకలో దిగగానే మొదట తగిలేది వాసన లేకపోవడం. మా ఊరినుంచి వెళ్ళిన ముక్కుకి అదే పెద్ద సువాసన. తర్వాత మెల్లగా ఒక్కొక్కటీ తెలిసేవి. తడి ఇసుక, గేదెల పాక, దోసపాదుల కింద ఎండకి మగ్గిన ఆకు, పెద్దమ్మ పొయ్యిలో కంది కంప. బడి కూడా ఉండేది. మాస్టారు ఒడ్డునుంచి రావాలి కాబట్టి గాలి ఎటు వీస్తే చదువు అటు నడిచేది. పెదనాన్న మాట తక్కువ, జోస్యం ఎక్కువ. సాయంత్రం పూట లంక అంచుకి వెళ్ళి, నీటి మట్టం గుర్తుకి పాతిన కర్ర వైపు చాలాసేపు చూసి, ఇంటికొచ్చి చెంబుతో కాళ్ళు కడుక్కుంటూ, "ఈ ఏడు మన లంక పోద్దే" అనేవాడు. పెద్దమ్మ పొయ్యి ఊదుతూ, "పోయేలోపు అన్నం తిను" అనేది. ఆయన తినేవాడు. లంక పోయేది కాదు. తీరా ఆయన పోయిన తర్వాత లంక పోయింది. బతికుంటే బాధపడేవాడే గానీ, లోలోపల కొంచెం గర్వపడేవాడు కూడా.

పొద్దున్నే పెద్దమ్మతో చెలమకి వెళ్ళడం నా ఉద్యోగం. రేవులో నీళ్ళు స్నానాలకీ గేదెలకీ. తాగేవి మాత్రం చెలమలోనివే. నది అంచుకి కాస్త ఎడంగా, కాలికింద ఇసుక చల్లగా తగిలేచోట, చేతులతో మోచేతి లోతు గుంట తవ్వాలి. అడుగునుంచి నీళ్ళు ఊరతాయి. మొదట మడ్డిగా ఉంటాయి, వాటిని కొబ్బరిచిప్పతో తోడి పారబోయాలి. మళ్ళీ ఊరతాయి, మళ్ళీ పారబోయాలి. ఆ తర్వాత చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఇసుక దానంతటది అడుక్కి దిగి, గుంటలో ఏమీ లేదేమో అనిపించేంత తేటగా నీళ్ళు నిలబడేవి. మా ఊరి బోరు నీళ్ళు ఉప్పు కషాయం. వాటికి అలవాటుపడ్డ నాలుకకి మొదటిసారి ఆ చెలమ నీళ్ళు తగిలినప్పుడు, ఎవరో పంచదార కలిపారనుకుని గుంటలోకి తొంగిచూశాను.

చెలమ దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎవరి చేత్తో వాళ్ళు ముంచుకుని తాగకూడదు. ఒకరు చిప్పతో పోయాలి, ఇంకొకరు వంగి దోసిలి పట్టాలి. పిల్లలకి ముందు, ఆ తర్వాత వచ్చినవాళ్ళకి, తవ్విన మనిషికి అందరికన్నా ఆఖర్న. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేదు, పద్ధతికి కారణం అడగడం కూడా పద్ధతి కాదన్నట్టు చూశారు. దానివల్ల జరిగేదేమిటంటే, ఒక మనిషి దాహం తీరాలంటే కనీసం ఇంకో మనిషి వచ్చేదాకా ఆగాలి. ఆగినంతసేపూ మాటలు. పొరుగింటి మంగమ్మ నన్ను చూడగానే, "ఏరా మిరపకాయా, ఈ ఏడు కూడా తరిమేశారా మీవాళ్ళు?" అని మొదలుపెట్టేది. పెద్దమ్మ చిప్ప ఆపకుండానే, "వాణ్ణి తరమలేదు, నేనే తెచ్చుకున్నా. నీకు కావాలంటే నువ్వూ ఒకణ్ణి తెచ్చుకో" అనేది. "నాకున్నోళ్ళని ఎవరన్నా తీసుకుపోతే చాలమ్మా" అని మంగమ్మ దోసిలి పట్టేది, నవ్వితే సగం నీళ్ళు మెడమీదకే పోయేవి. నేను అందరికంటే చిన్నవాణ్ణి కాబట్టి నాదే మొదటి దోసిలి. తాగి పరిగెత్తేవాణ్ణి. చివర పెద్దమ్మకి ఎవరు పోశారో నేనెప్పుడూ చూడలేదు.

అలాంటి చోటికి కిందటి ఏడు లాంచీలో వెళ్ళాం, నేనూ పెద్దమ్మా. మీద గొడుగులాంటి గుడారం, ప్లాస్టిక్ కుర్చీలు, పాటలు పెట్టే డబ్బాలు, మైకు పట్టుకున్న నడివయసాయన. ఆయన ప్రతి మలుపునీ అద్భుతం అన్నాడు, ఒకచోట అద్భుతం వైపు చెయ్యి చూపిస్తే అక్కడ బర్రెలు స్నానం చేస్తున్నాయి. పెద్దమ్మ దారిపొడవునా చుక్క నీళ్ళు ముట్టలేదు. సీసా ఇస్తే, "పోయేది అక్కడికేగా, కడుపు ఖాళీ ఉంచుకోవద్దూ?" అంది. ఎండలో ఇంత దూరం తెచ్చాను, తీరా చెలమ ఊరకపోతే, ఊరినా ఆ రుచి లేకపోతే, ఈవిడ ఇక ఏ నీళ్ళూ తాగదు. దారిలోనే కళ్ళు తిరిగి పడిపోతే అమ్మకి ఏం చెప్పాలన్నది అదనం.

లాంచీ ఆగింది. లంకలో మిగిలింది తోక భాగమే. పొదలు, ఇసుక, ఫొటోలకోసం పెట్టిన ఒక పెద్ద ఎర్ర గుండె. పెద్దమ్మ రెయిలింగు పట్టుకుని నీళ్ళకేసి చూసింది. దూరంగా ఎవరో కుర్రాడు నీటి స్కూటరు గిర్రున తిప్పుతున్నాడు. "ఆ బండి తిరుగుతంది చూడు," అంది, "అది మన వంటిల్లు." ఏడుస్తుందేమోనని భుజం మీద చెయ్యి వేశాను. "అంత జోరుగా తిప్పుతున్నాడు, పొయ్యి తగిలి పడతాడేమో" అంది. నేను చెయ్యి తీసేశాను.

దిగడానికి వేసిన చెక్క ఏటవాలుగా ఉంది. మైకాయన అడ్డం వచ్చాడు. "సార్, మామ్మగారిని దింపటం రిస్కండీ. పైనే కూర్చుంటే కాఫీ పంపిస్తాం."

"రిస్కంటే ఏంది నాయనా?" అంది పెద్దమ్మ.

"జారి పడతారేమోనని, మామ్మగారూ."

"అక్కడ పడితే ఇసక. ఇక్కడ పడితే ఇనుము. ఏది మేలో నువ్వే చెప్పు."

ఆయన మైకు ఇంకొకరికిచ్చి, తనే ఒక చెయ్యి పట్టుకున్నాడు. రెండో చెయ్యి నేను పట్టుకున్నాను. దిగింది. అర్ధగంటలో బయల్దేరతామని ఆయన నాకు గట్టిగా చెప్పాడు.

చెలమ తవ్వడానికి నేను చొక్కా చేతులు మడిచి ఒకచోట మోకాళ్ళ మీద కూర్చున్నాను. "అక్కడ బురదొస్తది, లెగు" అంది. ఇంకోచోట కూర్చున్నాను. "చదువుకున్నావు కదరా, ఇసక చల్లగుందో లేదో పాదానికి తెలవదూ?" అని చెప్పులు విప్పించింది. చివరికి తనే చోటు చూసుకుని, మోకాళ్ళు వంగవు కాబట్టి కాళ్ళు బారజాపుకుని ఇసుకలో చతికిలబడి, పక్కకి తిరిగి రెండు చేతులతో తవ్వడం మొదలుపెట్టింది. తోడడానికి చిప్ప లేదు. లాంచీలో కాఫీ తాగిన కాగితం కప్పు నా జేబులో ఉంది, దాంతో నేను తోడాను. మడ్డి నీళ్ళు. పారబోశాను. మళ్ళీ మడ్డి. మళ్ళీ పారబోశాను. ఎర్ర గుండె దగ్గర ఫొటోలు తీసుకుంటున్న ఇద్దరమ్మాయిలు మమ్మల్ని చూసి వచ్చారు.

"ఏం పోయిందండీ? ఉంగరమా?" అని అడిగింది ఒకమ్మాయి.

"నీళ్ళు వెతుకుతున్నాం," అన్నాను.

ఆ పిల్ల తలెత్తి చుట్టూ ఉన్న కృష్ణానది మొత్తాన్ని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. పాపం, మర్యాదస్తురాలు, నవ్వు ఆపుకుని గుంటలోకి వంగి చూసింది.

"కూర్చోండమ్మా," అంది పెద్దమ్మ, "తేరుకోనీండి. మీదే ఊరు?" ఒకమ్మాయిది చీరాల, ఒకమ్మాయిది చీమకుర్తి. చీమకుర్తి అనగానే, "మీ రాళ్ళ లారీలే కదా మా గుంటూరు రోడ్డంతా గుంటలు చేసింది" అని పెద్దమ్మ దెబ్బలాట పెట్టుకుంది. ఆ పిల్ల కూడా తగ్గలేదు, "మీ మిరపకాయ ట్రాక్టర్లు అసలు దారిస్తే కదండీ మేం పోయేది" అంది. ఆ దెబ్బలాట వినడానికి ఇంకో కుటుంబం ఆగింది, వాళ్ళని చూసి ఇంకొందరు. మేం మాట్లాడుకుంటుండగానే గుంటలో నీళ్ళు తేరుకున్నాయి. ఎవరూ గమనించలేదు. కింద ఇసుక రేణువులు ఒక్కొక్కటీ కనపడుతున్నాయి.

"తాగు పెద్దమ్మా, త్వరగా తాగు" అన్నాను. లాంచీ హారన్ అప్పటికే ఒకసారి మోగింది.

"తవ్విన మనిషి ముందు తాగుద్దంట్రా?" అని నన్ను కసిరి, ఆ చీమకుర్తి పిల్ల వైపు తిరిగింది. "దోసిలి పట్టవే."

ఆ పిల్ల వంగి దోసిలి పట్టింది. పెద్దమ్మ కాగితం కప్పుతో పోసింది. ఆ పిల్ల తాగి, తడిసిన గడ్డంతో స్నేహితురాలి వైపు చూసి, "ఒసేయ్, చల్లగా ఉన్నాయే!" అంది. తర్వాత చీరాల పిల్ల. తర్వాత ఒక నాన్న చంకలోని చంటిది, దానికి వేలితో పెదవులు తడిపింది. వరస పెరిగింది. గుంట ఊరేది నెమ్మదిగా, జనం వచ్చేది వేగంగా. హారన్ మళ్ళీ మోగింది. నేను మనసులో ఒక్కో తలనీ లెక్కపెట్టుకుంటూ, ఈవిడ వంతు వచ్చేలోపు లాంచీ వెళ్ళిపోతుందా, చెలమ ఎండిపోతుందా, ఏది ముందా అని చూస్తున్నాను. మైకాయన ఇసుకలో పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఏందండీ ఇది, అందరూ ఇక్కడే ఉంటే ఎట్టా! టైమైపోయింది, పైన ఓనరు తిడుతున్నాడు!"

"తిడతాడు, తిట్టనీ. పొద్దున్నుంచి అరుస్తానే ఉన్నావు, గొంతెండిపోయి ఉంటది. వంగు" అంది పెద్దమ్మ.

ఆయన గడియారం చూసుకుని, వంగాడు. తాగి లేచినప్పుడు మాత్రం గడియారం చూసుకోలేదు.

ఇక తాగాల్సినవాళ్ళెవరూ మిగల్లేదు. నేను కప్పు అందుకున్నాను. పెద్దమ్మ ఇసుకలోనే కూర్చుని రెండు చేతులూ జోడించి ముందుకి చాపింది. ఇన్నేళ్ళలో ఆవిడకి నేను నీళ్ళు పోయడం అదే మొదలు. సన్నగా పొయ్యాలని తెలియక ధారగా పోశాను, సగం ఒళ్ళో పడ్డాయి. "కప్పు వంచటం కూడా తెలవదు వీడికి" అని గొణుగుతూనే తాగింది. కళ్ళు మూసుకుని తాగింది. కప్పు ఖాళీ అయింది.

"అవేనా?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. "అప్పటి నీళ్ళేనా?"

పెద్దమ్మ నాలుక చప్పరించింది. "ఏమోరా, రుచి ఎట్టా ఉండేదో గుర్తులేదు" అంది. "ఇంకొంచెం పొయ్యి."

పోశాను. ఇంకోసారి పోశాను. గుంటలో అడుగు కనపడేదాకా పోశాను. తర్వాత దూడల కాళ్ళు పడతాయని అందరిచేతా ఆ గుంట పూడ్పించింది. లంకలో దూడలు లేవని ఎవరికీ చెప్పాలనిపించలేదు, తలా ఇంత ఇసుక తోసి పడవెక్కాం.

తిరుగు ప్రయాణంలో నాకు అర్థమైంది పెద్ద విషయమేమీ కాదు. మా ఫ్లాటులో టిన్ను కింద కుళాయి ఉంటుంది, ఎవరి గ్లాసు వాళ్ళది. అమ్మా నాన్నా పొద్దున్నే పొలానికి పోతారు, నేను ఆఫీసుకి పోతాను. సాయంత్రందాకా ఆ ఇంట్లో ఉండేది ఆవిడ, ఆ టిన్ను. లంకలో బతికిన మనిషి తన చేత్తో తను నీళ్ళు ముంచుకు తాగడం ఎప్పుడు నేర్చుకుంటుంది? మాకు కుళాయి మంచి సౌకర్యం. ఆవిడకి అది ఇంట్లో ఎవరూ లేరని చెప్పే వస్తువు. ఆ సంగతి ఆవిడకి కూడా తెలియదు, రుచి బాగాలేదనే అనుకుంది. ఇంటికొచ్చిన సాయంత్రం అమ్మ గ్లాసు తెస్తే, పెద్దమ్మ గ్లాసు తీసుకోలేదు, లేచి సింకు దగ్గరికి నడిచి దోసిలి పట్టింది. "అక్కా, గచ్చంతా తడుస్తుందే" అంది అమ్మ. "తుడుచుకో, చేతులున్నయ్యిగా" అంది పెద్దమ్మ. అవి టిన్ను నీళ్ళే. ఆసుపత్రి వాసన సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఒకప్పుడు నాకు ఊపిరాడకపోతే ఈవిడ తన లంకంత గాలి నాకు ఇచ్చింది. దానికి బదులుగా నేను చేయగలిగింది కాసిన్ని నీళ్ళు పోయడం, అదీ సగం ఒలకబోస్తూ. సరితూగదు, తూచడం కూడా మానేశాను. ఇప్పుడు మధ్యాహ్నం పూట మా తలుపు తీసే ఉంటుంది. పక్క ఫ్లాటావిడ ఒకసారి, వాచ్‌మన్ భార్య ఒకసారి వచ్చి పోస్తారు. పోసినవాళ్ళకి పెద్దమ్మ తిరిగి పోస్తుంది, పోస్తూ వాళ్ళ అత్తల గురించి కనుక్కుంటుంది. నేను ఆఫీసునుంచి వచ్చి బూట్లు విప్పుతుండగానే, "వంగరా" అని చెంబుతో నిలబడుతుంది. ఫ్రిజ్‌లో చల్లటి సీసా ఉంటుంది, నాకు తెలుసు. అయినా వంగి దోసిలి పడతాను. నీళ్ళు మోచేతులమీదుగా కారి ఇస్త్రీ చొక్కా ముందంతా తడుస్తుంది. రోజూ ఇలా చేస్తే ఎట్లా పెద్దమ్మా అని చెప్పడానికి నోరు తెరుస్తాను. తెరిచాను కదా అని ఆవిడ ఇంకొంచెం పోస్తుంది.